తోటలో మాసికం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఉంటుంది, కాదనను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుని. నా ముందుకొచ్చినవాళ్ళు నిద్రపోవడమే తప్ప నాకు ఎదురు చెప్పింది లేదు. అలాంటిదాన్ని ఎదిరించి, ఏడిపించి, చివరికి కూర్చోబెట్టి పెరుగన్నం తినిపించిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయేముందు తన భార్యతో చెప్పమని నాకొక మాట అప్పగించారు. ఆ మాట చెప్పడానికి నేను పడ్డ పాట్లే ఇదంతా.

మాసన్ లేక్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని, ఆవిడని వదినా అని. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళదీ మాదీ గుంటూరు వైపు కావడమొక్కటే. అడిలైడ్‌లో అంతకన్నా దగ్గరి బంధుత్వం ఎవరికుంటుంది. ఆయన వంతెనల ఇంజనీరు. రిటైరయ్యాక మా వాళ్ళంతా ఓడలెక్కి షికార్లు చేసొస్తుంటే ఆయన పోయి యూనివర్సిటీలో సాయంత్రం క్లాసుల్లో చేరారు. ప్రాచీన గ్రీకు తత్వమట. ఈ వయసులో ఈ చదువులేంటని మా ఆయన నవ్వారు. నేనైతే ఇంట్లో పోరు పడలేక పోతున్నారనుకున్నాను.

ఒకనాడు మా పేట సరస్సు చుట్టూ నడుస్తుంటే, ఎపిక్యూరియన్ అంటే ఏమిటో తెలుసా డాక్టరమ్మా అని అడిగారు. తెలియకేం అన్నాను. షాపింగ్ సెంటర్‌లో ఆ మాట రాసిపెట్టుకున్న కొట్టు ఒకటుంది. రకరకాల జున్నులు, బొటనవేలంత సీసాలో ఆలివ్ కాయలు, ఏది ముట్టుకున్నా చెయ్యి కాలే ధర. బాగా తిని తాగి జల్సా చేసేవాళ్ళని అలా అంటారు కదా అన్నాను. ఆయన నడక ఆపి, పొట్ట పట్టుకుని నవ్వారు. సరస్సులో బాతులు కూడా బెదిరి అవతలికి పోయాయి. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు చెప్పుకొచ్చారు. రెండు వేల ఏళ్ళకు పైమాటే, ఏథెన్సు గోడల అవతల ఒక తోట. అందులో ఒక గురువు, చుట్టూ స్నేహితులు. ఆడవాళ్ళని, బానిసలని కూడా రానిచ్చేవాడట. తినేది రొట్టె, తాగేది ఎక్కువగా నీళ్ళు. ఎప్పుడైనా పండగ చేసుకోవాలనిపిస్తే కాస్త జున్ను. సుఖమే మనిషికి గమ్యమని ఆయన అన్నాడు. లోకం ఆ ఒక్క ముక్క విని, అయితే తాగి తందనాలాడమన్నాడని ప్రచారం చేసింది. మన చార్వాకులకు పట్టిన గతే ఆయనకీ పట్టింది. ఆయన చెప్పిన సుఖం మాత్రం ఒంట్లో నొప్పి లేకపోవడం, మనసులో బెంగ లేకపోవడం. అంతే.

నేను గమ్మున ఆగిపోయాను. ఒంట్లో నొప్పి లేకుండా చెయ్యడం నా ఉద్యోగం. అన్నేళ్ళూ నేను చేసిన పనికి ఇంత పాత తత్వం ఒకటుందని నాతో ఎవరూ అనలేదు. ఆ మాటే అంటే, సగం పని నువ్వు చేశావు తల్లీ, మిగతా సగం కోసం లోకమంతా యాప్‌లు కొనుక్కుంటోంది అన్నారు.

ఇక అక్కడినుంచి రోజూ అదే గోల. ఆ తోటవాళ్ళ రాతలు చాలామటుకు పోయాయట. మిగిలిన కాసిని ఎన్నో వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ బయటపడి యూరప్ బుర్రలో పురుగులా తొలిచాయట. లోకమంతా అణువులేనన్న ఊహ, దేవుళ్ళు మన సంగతి పట్టించుకోరు కాబట్టి భయపడక్కర్లేదన్న ధైర్యం, జనం సంతోషంగా ఉండటమే ప్రభుత్వాలకు పని అన్న ఆలోచన, అన్నిటిలో ఆ తోట మట్టి వాసన ఉందనేవారు. ఆఫీసుల్లో ఊపిరి తీసుకోవడం నేర్పే క్లాసుల దగ్గర్నుంచి ఇంట్లో సామాను తగ్గించుకోమనే ఫ్యాషన్ దాకా కొత్తగా కనిపెట్టిందేమీ లేదనేవారు. మా ఇంట్లో కొళాయి కారుతోంది, దానికీ మీ గ్రీకాయనే కారణమేమో చూడండి అని నేననేదాన్ని. ఒక సంగతిలో మాత్రం ఆయన పట్టు వదల్లేదు. ఆ గురువు చెప్పినదానికి తెలుగులో సుఖం అనకూడదు, తృప్తి అనాలి అనేవారు.

చదివింది ఊరికే ఉంచుకునే మనిషా. ఇంటి వెనక తోటలో శనివారం మధ్యాహ్నాలు భోజనాలు మొదలుపెట్టారు. తోటంటే పెద్దదేం కాదు. ఇనప రేకుల కంచె వారగా గోంగూర, తోటకూర, కుండీలో కరివేపాకు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పెరుగన్నం, ఒక పచ్చడి. ఇంకేమీ ఉండదు. వచ్చేవాళ్ళకు ఒకటే షరతు, ఉత్త చేతులతో రావాలి.

తెలుగువాళ్ళని ఉత్త చేతులతో రమ్మనడమంటే చొక్కా లేకుండా రమ్మన్నట్టే. మా వాళ్ళ భోజనాలు ఎలా ఉంటాయో తెలుసు కదా. వంటిల్లు చాలక వెనక ఇంకో వంటిల్లు కట్టించుకుంటారు. మనిషికో ట్రే తెస్తారు, అది చూసి పై నెల ఇంకొకరు రెండు తెస్తారు. మొదటి శనివారం అందరం బుద్ధిగా తలొక గిన్నె పట్టుకుని వెళ్ళాం. నేను పులిహోర తీసుకెళ్ళాను. ఆయన గేటు దగ్గరే నిలబడి, ఎవరి గిన్నె వాళ్ళ కారులో పెట్టించి లోపలికి రానిచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వదినకి ఇంకా కష్టంగా ఉండేది. ఆవిడ పెట్టే చెయ్యి. తిన్నవాళ్ళు చాలు చాలంటుంటే విస్తట్లో ఇంకో గరిటె పడితేనే అది పెట్టడం, లేకపోతే వడ్డించి చేతులు దులుపుకోవడం, ఇది ఆవిడ లెక్క. వచ్చినవాళ్ళకి పెరుగన్నం పెట్టి పంపడమేంటి, నా పరువు తీస్తున్నారు అని ఆయన మీద విసుక్కునేది. విసుక్కుంటూనే ఆ అన్నంలో అల్లం ముక్కలు, కొత్తిమీర, వేయించిన మిరపకాయలు కలిపేది. మేం లొట్టలేసుకుని తినేవాళ్ళం. మాటలు సాగి సాగి పొద్దు వాలిపోయేది. అంతంత ట్రేలు మోసుకుపోయిన పార్టీలు ఒక్కటీ నాకు గుర్తు లేవు. ఆ శనివారాలు గుర్తున్నాయి.

ఇద్దరికీ ఇంకోచోట కూడా పడేది కాదు. చావు మాటెత్తితే వదిన ఊరుకోదు. నేను పోయాక ఈ కరివేపాకుకి చలికాలం గోనెపట్టా కప్పడం మరిచిపోకు అని ఆయనోసారి మామూలుగా అన్నారు. వదిన వచ్చి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. శుభమా అని నలుగురం కూర్చున్నప్పుడు అవేం మాటలు, తథాస్తు దేవతలుంటారు అంది. ఆవిడ చెయ్యి చాలా పెద్దది. ఆ చెయ్యి వెనక ఎన్నో మాటలు ఆగిపోయాయి.

జబ్బు ఆయనకి పాంక్రియాస్‌లో వచ్చింది. కనిపెట్టేసరికి డాక్టర్లు చేసేదేమీ మిగల్లేదు. ఇంట్లోనే ఉంటానన్నారు. నొప్పి చూసుకోవడానికే వచ్చే నర్సు రోజూ వచ్చి, మందు సన్నగా ఎక్కే పంపు ఒకటి పెట్టి వెళ్ళేది. నేను డాక్టరుగా కాదు, పక్కన కూర్చునే మనిషిగా వెళ్ళేదాన్ని. పుట్టకముందు మనకి ఏ బాధా లేదు, పోయాకా అంతేనని ఆ తోటవాళ్ళ వాదం. దాన్ని ఆయన నాకు అప్పజెప్పేవారు. నేను నా వృత్తి సంగతి చెప్పాను. గంటలకొద్దీ ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచి, ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగేవాళ్ళు ఎందరో. ఆ గంటలన్నీ వాళ్ళకి అసలు లేనే లేవు. ఇది విని ఆయన మొహం తేటపడింది. గ్రీకాయన కన్నా నువ్వే బాగా చెప్పావమ్మా అన్నారు.

కానీ తిండి పోయింది. ఆఖరి వారాల్లో చెంచాడు పెరుగు నాలుక్కి రాసుకోవడమే గగనమయింది. వదిన మాత్రం పూటపూటా వండేది. వంకాయ, ముద్దపప్పు, చారు, ఆయనకిష్టమైనవన్నీ చిన్న చిన్న గిన్నెల్లో తెచ్చి మంచం పక్కన పెట్టేది. ఆయన వాటిని చూసి, బాగున్నాయే అనేవారు. ఆవిడ తీసుకెళ్ళిపోయేది. ఆ గిన్నెలు వెనక్కి పోవడం చూడలేక నేను కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఒక ఉదయం తోటలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వదిన లోపల ఉంది. అప్పుడు ఆ మాట అప్పగించారు.

"నాకు మాసికాలూ తద్దినాలూ పెట్టొద్దమ్మా. నెలకోసారి మీరంతా ఇక్కడ కూర్చుని పెరుగన్నం తినండి. నన్ను తలుచుకోండి, నాలుగు జోకులేసుకోండి. ఆ గ్రీకాయన కూడా పోయేముందు తనవాళ్ళని అడిగింది అదేనంటారు, నెలనెలా కలిసి భోంచెయ్యమని. ఈ ముక్క మీ వదినకి నువ్వే చెప్పాలి. నేను నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెడుతుంది."

చెప్తానన్నాను. మాసికమంటే తెలిసినవాళ్ళకి తెలుసు. పోయినవాళ్ళ కోసం ఏడాదిపాటు నెలనెలా కర్మ చేసి అన్నం పెడతారు. వాళ్ళ తరఫున తినడానికి ఒకరిని భోక్తగా కూర్చోబెడతారు. తిన్నాక ఇంటివాళ్ళు ఆయన్ని తృప్తయిందా అని అడగాలి. అయింది అని ఆయన అనాలి. ఆ మాట వినేదాకా ఇంట్లోవాళ్ళు ముద్ద ముట్టరు.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయన పోయారు. నొప్పి లేదు. అది నేను చూసి చెప్తున్న మాట.

సిడ్నీలో ద పాండ్స్ అనే పేటలో ఉండే కొడుకు వచ్చి అన్నీ చూసుకున్నాడు. ఇక్కడే పుట్టినవాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం ఇంగ్లీషులో వస్తుంది. నాలుగో రోజో ఐదో రోజో వదిన మాసికాల మాటెత్తింది. కర్మ చేయించే అయ్యగారికి ఫోన్ చెయ్యమంది. నేను ఆగలేకపోయాను. అన్నయ్యగారు మాసికాలు వద్దన్నారు వదినా అని మొదలుపెట్టాను. అంతే, ఆవిడ అరచెయ్యి నా మొహం ముందుకు వచ్చేసింది. చాలు, ఇంకొక్క ముక్క వినను అంది. పిల్లవాడు నాకు సాయం వస్తున్నాననుకుని, "డాడ్ నాక్కూడా అదే చెప్పారమ్మా. హీ డిడంట్ వాంట్ ఎనీథింగ్," అన్నాడు. తండ్రి ఫోనులో వాడితో కర్మలు వద్దన్న మేరకే చెప్పారు. మిగతా సగం వాడికీ తెలియదు.

వదిన మా ఇద్దరినీ చూసింది. ఏమీ వద్దన్నారా అని మెల్లిగా అడిగింది. నేను నోరు విప్పేలోపల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ తర్వాత నాకు గేటు తియ్యలేదు. ఫోనెత్తలేదు. నేను పెట్టొచ్చిన క్యారియర్లు గుమ్మంలోనే ఉండిపోయేవి. కిటికీలోంచి కనిపించినప్పుడు చూస్తే మనిషి సగమైంది. ఇల్లు అమ్మేసి సిడ్నీ వచ్చేస్తానంటోందని, తండ్రి మాటెత్తితే ఫోన్ పెట్టేస్తోందని పిల్లవాడు చెప్పాడు. నాకు అన్నయ్యగారి మీద ఎంత కోపమొచ్చిందో. మీరు హాయిగా పోయారు, నన్ను ఇరికించి పోయారు, మీ తృప్తి మీరు చూసుకున్నారు అని రోజూ సరస్సు చుట్టూ తిరుగుతూ ఆయన్ని తిట్టేదాన్ని. ఆయన పోయారు, ఇప్పుడు వదిన కూడా పోతుంది. ఈ ఊళ్ళో నాకింకెవరున్నారు.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక పక్క సందులోంచి తోటలోకి దూరాను. వదిన ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. గోంగూర వాడి వేలాడుతోంది. నన్ను చూసి లేచి వెళ్ళబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"నా ఏడుపు నీకేం తెలుసు వదినా," అంది. "నెల రోజులు నా చేతి ముద్ద ఒక్కటి లోపలికి పోలేదు ఆయనకి. ఆకలితో పోయిన మనిషి. మాసికానికి ఆ అయ్యగారి నోట తృప్తయిందన్న మాట వింటే చాలనుకున్నాను. అది కూడా వద్దన్నారు. నేనేం పెట్టినా ఆయనకిక అక్కర్లేదా?"

నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడవడం వదిన ఎప్పుడూ చూడలేదు. కంగారుపడి నా వీపు నిమరడం మొదలుపెట్టింది. అదే అదనుగా చెప్పేశాను. నువ్వు నా నోటికి చెయ్యి పెట్టినా సరే, ఇవాళ మొత్తం వినాల్సిందే అన్నాను.

ముందు నొప్పి సంగతి చెప్పాను. మందు పని చేసేలోపు నొప్పి వచ్చిన కొన్ని నిమిషాలు ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతుండేవారు. ఏం తలుచుకుంటున్నారని అడిగాను ఒకసారి. ఆ గ్రీకాయన ఆఖరి రోజున స్నేహితులతో ఆడిన మాటలు తలుచుకుని నొప్పిని ఓర్చుకున్నాడట, నేనూ అదే చేస్తున్నానన్నారు. ఆయన తలుచుకున్నది ఈ దేశానికొచ్చిన కొత్తలో ఉన్న క్లేటన్ పేట. పెళ్ళయిన కొత్తలో, ఆయన యూనిలో చదివేటప్పుడు, నలుగురు కుర్రాళ్ళతో కలిసి అద్దెకున్న ఇల్లు. వదిన వచ్చిన మొదటి పూట పప్పుకి తాలింపు పెట్టింది. పొగకి అలారం మోగింది. ఇంటిల్లిపాదీ చలిలో రోడ్డు మీదకి పరిగెత్తారు. పప్పు గిన్నె వదలకుండా చంకన పెట్టుకుని వదిన కూడా. ఫైరింజను వచ్చి పోయేదాకా పచ్చిక మీద కూర్చుని అందరూ ఆ పప్పన్నమే తిన్నారు. అంతకన్నా గొప్ప భోజనం నా జన్మలో లేదమ్మా, ఆ ఒక్క పూటతో ఈ నొప్పి సగం పోతోంది అన్నారాయన.

వదిన చెయ్యి నా వీపు మీదే ఆగిపోయింది.

అప్పుడు రెండో సగం చెప్పాను. నెలనెలా ఇక్కడ కూర్చోమన్నారు, నీ చేతి పెరుగన్నం తినమన్నారు, తనని తలుచుకోమన్నారు. ఆ గ్రీకు తోటవాళ్ళు కూడా నెలనెలా అలాగే భోంచేసేవాళ్ళట.

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుని, "నెలనెలా అన్నం పెట్టమన్నారా?" అంది. ఔనన్నాను. "నలుగురినీ పిలిచి?" ఔనన్నాను.

"మరి అదేగా మాసికమంటే. ఆ మాట ముందే ఏడవచ్చుగా."

కాదు వదినా అనబోయాను. రెంటికీ చాలా తేడా ఉంది. ఒకటి పోయినవాళ్ళ ఆకలికి, ఇంకొకటి ఉన్నవాళ్ళ కోసం. అన్నయ్యగారైతే దీని మీద గంట మాట్లాడేవారు. జీవితంలో మొట్టమొదటిసారి నేను నోరు మూసుకున్నాను.

నాలుగు రోజులకి ఫోన్ చేసింది. శనివారం రా వదినా, అందరికీ చెప్పు, ఉత్త చేతులతో రండి అంది.

వెళ్ళాం. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని మా ఆయన, పమిట చెంగు తిప్పుకుంటూ నేను. పిల్లవాడు సిడ్నీ నుంచి పొద్దున్న విమానానికే వచ్చాడు. వదిన కరివేపాకు కుండీకి గోనెపట్టా కప్పి ఉంచింది. పెరుగన్నం కలిపింది, గోంగూర పచ్చడి నూరింది. అందరికీ వడ్డించి, ఆయన కుర్చీ ముందు ఇంకో విస్తరి వేసి అందులోనూ పెట్టింది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఇది ఎవరు తినాలి అని మాలో ఎవరూ అడగలేదు. అయ్యగారు లేరు, పిలవలేదు.

వదిన ఆ విస్తరి ఎత్తి తెచ్చి నా ముందు పెట్టింది. ఆయన ఎక్కువ వాదించింది నీతోనే, నువ్వే తినాలి అంది. నేను ఆడదాన్ని, పైగా దేవుడి ముందు దీపం కూడా సరిగ్గా వెలిగించను. నా నోటికి వచ్చిన అభ్యంతరాలన్నీ మింగి తిన్నాను. అల్లం ముక్క పంటికింద పడింది. పిల్లవాడు అలారం కథ అడిగాడు. వదినే చెప్పింది, పప్పు గిన్నె చంకన పెట్టుకున్న సంగతితో సహా. అందరూ నవ్వారు. ఇంకో గరిటె తెచ్చి నేను చాలంటున్నా వేసింది. అదీ తిన్నాను.

విస్తరి ఖాళీ అయ్యాక వదిన నా ఎదురుగా వచ్చి నిలబడింది. తను ఇంకా ముద్ద ముట్టలేదు. రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంది.

"తృప్తయిందా?" అని అడిగింది.

నన్ను కాదు అడుగుతోంది. నాకు తెలుసు. ఆయన లేరని, ఎక్కడా లేరని, ఆయనే నాతో వాదించి ఒప్పించారు. అయినా ఆ మనిషికి ఆ తోటలో ఏ లోటూ లేదన్నది నేను కళ్ళారా చూసిన నిజం.

"అయింది వదినా, తృప్తయింది," అన్నాను.

వదిన కూర్చుని, తన విస్తరి దగ్గరికి లాక్కుని, తినడం మొదలుపెట్టింది.